పాత లారీ పొగ కక్కితే తప్పు టైమింగ్‌దేనా?

డెల్టాలో లారీకి ఎత్తంటే వంతెనే. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకుని కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చేదాకా నేల చాప పరిచినట్టుంటుంది, ఇంజన్‌లో ఏ లోపమున్నా పెద్దగా తెలియదు. జొన్నాడ వైపు గౌతమి వంతెన ఎక్కే చోట బండారం బయటపడుతుంది. యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా బండి లాగదు. గేరు మీద గేరు దించాలి. వెనక వచ్చేవాళ్లకి రోడ్డు కనపడనంత నల్లపొగ. ఎవరిని అడిగినా ఒకటే మాట: "టైమింగ్ అవుటయ్యిందండి."

ఈ మాట ఇప్పుడు మరీ ఎక్కువగా వినపడుతోంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బళ్లకి ఫిట్‌నెస్ ఫీజులు బాగా పెరిగాయి. పొగ పరీక్ష ఎటూ తప్పదు. భారత్ స్టేజ్-4 అనే కాలుష్య ప్రమాణానికి ముందు తయారైన డీజిల్ బళ్లకి ఆ పరీక్షలో పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. పొగ వెలుతురుని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత అది. 0 అంటే పొగే లేదు, 100 అంటే వెలుతురు అసలు దాటదు. పరీక్షలో పోయిన ప్రతి పాత లారీ తిన్నగా షెడ్డుకొస్తుంది, అక్కడ టైమింగ్ సర్దడానికని డీజిల్ పంపు బోల్టుల మీద స్పానరు పడుతుంది. అది ఎప్పుడు న్యాయం, ఎప్పుడు అన్యాయం అన్నదే ఇక్కడ విడదీసి చూడాల్సిన సంగతి.

ఒక మాట కింద మూడు సంగతులు

షెడ్డులో టైమింగ్ అన్నప్పుడు మూడు వేరువేరు విషయాల్లో ఏదో ఒకటి అయి ఉంటుంది.

మొదటిది వాల్వు టైమింగ్. పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుకీ, వాల్వుల్ని తెరిచే ఇరుసైన క్యాము షాఫ్టుకీ మధ్య గేర్లో చైనో ఉంటుంది, వాటి మీద గుర్తులుంటాయి. ఇంజన్ విప్పి మళ్లీ కట్టినప్పుడు ఆ గుర్తులు కలవకపోతే వాల్వులు తప్పుడు వేళకి తెరుచుకుంటాయి. రెండోది ఇగ్నిషన్ టైమింగ్, పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే క్షణం. మూడోది ఇంజెక్షన్ టైమింగ్, అంటే డీజిల్ ఇంజన్‌లో పంపు డీజిల్‌ని, సిలిండరులో తుంపరగా చల్లే నాజిల్‌కి తోసే క్షణం. డీజిల్ ఇంజన్‌కి ప్లగ్గు ఉండదు. నొక్కుకుపోయి కాగిన గాలిలోకి డీజిల్ పడితే దానంతటదే అంటుకుంటుంది. అందుకని డీజిల్ లారీని పట్టుకుని "ఇగ్నిషన్ టైమింగ్ పోయింది" అంటే, అనేవాళ్ల మనసులో ఉన్నది ఇంజెక్షన్ టైమింగే.

ఈ గందరగోళం వెనక చరిత్ర ఉంది. ఒకప్పటి లారీల్లో చాలావాటికి పెట్రోలు ఇంజన్లే. 1954లో టాటాలు డైమ్లర్-బెంజ్‌తో కలిసి మన దేశంలో డీజిల్ లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. తరవాత పెట్రోలు లారీలు రోడ్డు మీంచి మాయమయ్యాయి, వాటితో వచ్చిన మాటలు మాత్రం మేస్త్రుల నోట నిలిచిపోయాయి. ఇవాళ డెల్టా షెడ్డుల్లో పెట్రోలు ఇగ్నిషన్ గొడవ వచ్చేది ఎవరో ముచ్చటపడి నిలబెట్టుకున్న పాత జీపుకో, పాత లారీకో.

ఒక్క మిల్లీసెకనులో 9 డిగ్రీలు

పిస్టన్ పైకి పూర్తిగా వచ్చిన చోటుని టీడీసీ అంటారు. మంట సరిగ్గా అక్కడ మొదలైతే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఇంజన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకి 25 చుట్లు. చుట్టుకి 360 డిగ్రీలు కనక సెకనుకి 9,000 డిగ్రీలు, మిల్లీసెకనుకి 9 డిగ్రీలు. డీజిల్ నాజిల్ నుంచి బయటికొచ్చాక వేడెక్కి, ఆవిరై, అంటుకోవడానికి ఓ మిల్లీసెకను అటూఇటూ పడుతుంది. ఈలోపు క్రాంకు 9 డిగ్రీలు తిరిగిపోతుంది. అంటుకున్నాక ఒత్తిడి పెరగడానికి ఇంకాస్త సమయం కావాలి. అందుకే టీడీసీకి ముందే డీజిల్ పడాలి. ఆ ముందస్తునే అడ్వాన్స్ అంటారు. ఆలస్యమైతే రిటార్డ్. అదే ఇంజన్ 2,400 చుట్లకి చేరితే మిల్లీసెకనుకి 14.4 డిగ్రీలు. అంటుకునే సమయం ఆ లెక్కన తగ్గదు, పిస్టన్ మాత్రం తొందరలో ఉంటుంది. కాబట్టి వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు మొదలుపెట్టాలి. పెట్రోలు ఇంజన్‌లో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు లోపలి బరువులు ఆ పని చేస్తాయి. కొన్ని డీజిల్ పంపులకి ముందు భాగంలో అలాంటి బరువులే ఉన్న టైమరు ఉంటుంది.

ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటరైనా, డీజిల్ పంపైనా క్రాంకు వేగంలో సగం తిరుగుతాయి. పంపు దగ్గర 1 డిగ్రీ జరిపితే క్రాంకు లెక్కలో అది 2 డిగ్రీలు. పంపు గేరుకి 60 పళ్లున్నాయనుకుంటే, ఒక్క పన్ను తప్పు కట్టినా పంపు దగ్గర 6 డిగ్రీలు, క్రాంకు దగ్గర 12 డిగ్రీలు పోయినట్టే. ఆ బండి అసలు స్టార్టవడమే కష్టం, అయినా నిలబడి నడవదు. ఆరు నెలలుగా కొద్దికొద్దిగా పుల్లింగ్ తగ్గిన లారీని చూసి "పన్ను దాటిందేమో" అనడం ఈ లెక్క ముందు నిలవదు. పన్ను తేడా విప్పి కట్టిన రోజునే కనపడాలి.

అరుగుదల వెనక్కే లాగుతుంది

నాకు తెలిసినంతలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చే సూత్రం ఇది. బండి పాతబడుతూ వచ్చిన టైమింగ్ తేడా దాదాపు ఎప్పుడూ ఆలస్యం వైపే ఉంటుంది.

కారణాలు ఒక్కొక్కటే చూడండి. పంపు లోపల క్యాము, దాని మీద టాపెట్టు అరిగితే డీజిల్‌ని తోసే ప్లంజరు కాస్త కిందినుంచి బయల్దేరుతుంది, అంటే ఆలస్యం. ఎలిమెంటు, అంటే ప్లంజరూ దాని గొట్టమూ, వదులైతే మొదట తోసిన డీజిల్ కొంత పక్కలకి జారిపోతుంది, ఒత్తిడి లేవడం ఆలస్యం. టైమింగ్ గేర్ల పళ్లు అరిగినా, కప్లింగ్ వదులైనా పంపు వెనకబడుతుంది. పెట్రోలు ఇంజన్‌లోనూ ఇంతే. చైను సాగితే ఆలస్యం. డిస్ట్రిబ్యూటరులో కరెంటు తెంచి నిప్పురవ్వ పుట్టించే పాయింట్లని తెరిచే ఫైబరు మడమ అరిగితే గ్యాపు మూసుకుపోతుంది, పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ వెనక్కి పోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. నాజిల్ స్ప్రింగు బలహీనపడితే తెరుచుకునే ఒత్తిడి తగ్గుతుంది. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అది 200 బార్ చుట్టుపక్కల ఉంటుంది. స్ప్రింగు సడలితే డీజిల్ ఓ పిసరు ముందే పడుతుంది, పైగా తుంపర సరిగ్గా విచ్చుకోదు. పెట్రోలు బండిలో పాయింట్ల ముఖాలు కాలి కరిగితే గ్యాపు పెరిగి టైమింగ్ ముందుకి జరగొచ్చు. కానీ ఇవి చిన్న తేడాలు. బండి గట్టిగా అడ్వాన్స్‌లో ఉందని కొలతలో తేలిందంటే, పంపుని ఎవరో చేత్తో తిప్పారనే మొదట అనుమానించాలి. ఎందుకు తిప్పారో అడిగితే అసలు రోగం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

పొగ రంగు, చప్పుడు, స్టార్టయ్యే వేళ

టైమింగ్ వెనకబడిన డీజిల్ ఇంజన్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు తెల్లపొగ వదులుతుంది. కళ్లు మండుతాయి, ఘాటైన పచ్చి డీజిల్ వాసన. లోడు మీద పుల్లింగ్ ఉండదు. మంట ఆలస్యంగా మొదలై ఎగ్జాస్టు వాల్వు తెరిచేదాకా సాగుతుంది కనక సైలెన్సరు గొట్టం కాగిపోతుంది, నీళ్లూ వేడెక్కుతాయి, నల్లపొగ వస్తుంది. మరీ ముందుకి జరిగిన ఇంజన్ గుణం వేరు. సుత్తితో కొట్టినట్టు గట్టి చప్పుడు, స్టార్టు చేసేటప్పుడు వెనక్కి తన్నడం, అదే పనిగా నడిపితే హెడ్ గ్యాస్కెట్లూ బేరింగులూ దెబ్బతినడం.

చిక్కేమిటంటే ఇవే లక్షణాలు టైమింగ్‌తో సంబంధం లేని లోపాలకీ ఉంటాయి. కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, తగ్గిన ఇంజన్‌లో గాలి చాలినంత కాగదు, డీజిల్ సరైన వేళకే పడినా ఆలస్యంగా అంటుకుంటుంది. టైమింగ్ గుర్తులన్నీ కలిసే ఉంటాయి, మంట మాత్రం ఆలస్యం. "ఇంజన్ బోరుకొచ్చింది" అని మనవాళ్లు అనేది ఇలాంటి బండినే. ఇక్కడ పంపు ఎంత ముందుకి తిప్పినా పొద్దుటి తెల్లపొగ కాస్త తగ్గినట్టు కనిపిస్తుందే తప్ప రోగం పోదు.

ఈ రెంటినీ విడదీయడానికి పాత మేస్త్రులు అడిగే ప్రశ్న చాలా పదునైనది: బండి ఏ వేళప్పుడు మొరాయిస్తోంది? పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొండికేసి, వేడెక్కాక మామూలుగా స్టార్టయితే చూపు కంప్రెషన్ మీదికి పోవాలి. పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకుని, మధ్యాహ్నం కాయలు దింపాక వేడి మీద స్టార్టు కాకపోతే అనుమానం పంపు ఎలిమెంట్ల మీద. వేడికి డీజిల్ పలచబడి, వదులైన ఎలిమెంటు పక్కల నుంచి జారిపోతుంది. నూటికి నూరుపాళ్లూ నమ్మదగ్గ పరీక్ష కాదు. కానీ పైసా ఖర్చు లేదు, ఒక్క బోల్టు విప్పక్కర్లేదు.

నల్లపొగకి మన ప్రాంతంలో టైమింగ్ కన్నా పెద్ద ముద్దాయి గాలి. కోతల రోజుల్లో గడ్డి నుసి, రైసుమిల్లుల దగ్గర ఊక, తౌడు దుమ్ము, ఊక బూడిద ఎయిర్ ఫిల్టరులో చేరతాయి. గాలి తక్కువై డీజిల్ అంతే పడితే కాలనిది నల్లపొగే అవుతుంది. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు, దానికీ టైమింగ్‌కీ సంబంధం లేదు. ఆగస్టులో గోదావరి పొంగి లంక రోడ్లు మునిగాక మిస్సింగ్‌తో వచ్చే బళ్లలో ముందు చూడాల్సింది ట్యాంకు అడుగున చేరిన నీళ్లు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దగ్గర ఎండిపోయిన ఒక రబ్బరు వాషరు గాలి పీల్చినా ఇంజన్ అచ్చం టైమింగ్ తప్పినట్టే తడబడుతుంది.

బొట్టులో కనపడే టైమింగ్

అన్నీ తేల్చాక అనుమానం ఇంకా టైమింగ్ మీదే ఉంటే, లైను పంపులకి, అంటే సిలిండరుకో ప్లంజరు చొప్పున వరసగా ఉండే పంపులకి, పాతకాలం నుంచి వస్తున్న పరీక్ష స్పిల్. నేను మొదటిసారి చూసింది రావులపాలెం దగ్గర ఒక రేకుల షెడ్డులో. మేస్త్రి మొదటి సిలిండరు డెలివరీ పైపు విప్పి, లోపలి డెలివరీ వాల్వూ స్ప్రింగూ తీసి తడిగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. హోల్డరు మళ్లీ బిగించి, హంస మెడలా వంగిన చిన్న గొట్టం తగిలించాడు. ఆక్సిలరేటరు లివరు నిండా తెరిచి కట్టేశాడు. హ్యాండ్ ప్రైమరు నొక్కుతుంటే గొట్టం లోంచి డీజిల్ ధారగా కారింది. కుర్రాడు క్రాంకుని ఇంజన్ తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పుతున్నాడు. ధార సన్నబడింది, దారప్పోగయింది, తెగి బొట్లయింది. "ఆపు బాబూ" అన్నాడు మేస్త్రి. గొట్టం కొసన ఒక బొట్టు నిండుతూ వేలాడింది, పడలేదు. ప్లంజరు పైకొచ్చి డీజిల్ వచ్చే రంధ్రాన్ని మూసేసిన క్షణం అదే. క్రాంకు కొసన ఉండే బరువైన చక్రం ఫ్లైవీలు, దాని మీద గీత ఎక్కడుందో అప్పుడు చూశారు.

కుర్రాడు కాస్త ఎక్కువ తిప్పేసి, వెనక్కి లాగి గీత కలపబోతే మేస్త్రి ఒప్పుకోలేదు. గేరు పళ్ల మధ్య ఉండే సందు వెనక్కి తిప్పితే అటువైపు పోతుంది, కొలత తప్పుతుంది. చాలా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ ముందుకే రావాలి. వదులైన గేర్లున్న పాత ఇంజన్‌లో ఈ ఒక్క పొరపాటు చాలు, బాగున్న టైమింగ్‌ని బాగోలేదని తేల్చడానికి.

గీత ఎక్కడ చదువుతున్నామన్నదీ ముఖ్యమే. 400 మిల్లీమీటర్ల ఫ్లైవీలు చుట్టుకొలత సుమారు 1,257 మిల్లీమీటర్లు, 1 డిగ్రీ అంటే మూడున్నర మిల్లీమీటర్లు. 200 మిల్లీమీటర్ల పుల్లీ మీద అదే 1 డిగ్రీ రెండు మిల్లీమీటర్లు కూడా రాదు. సుద్దముక్క గీతే అంత వెడల్పుంటుంది. 2 డిగ్రీల తేడా కోసం పుల్లీ మీద సుద్దతో గీసుకుని వాదించుకోవడం వృథా.

గుర్తులే తప్పు చెప్పినప్పుడు

పాత పెట్రోలు ఇంజన్లకి ఇంకో చిక్కుంది. క్రాంకు ముందు అదురు తగ్గించే చక్రం, డ్యాంపరు, రెండు ఇనుప భాగాల మధ్య రబ్బరు పొరతో ఉంటుంది. ఏళ్లు గడిచి రబ్బరు చచ్చిపోతే బయటి కట్టు కొంచెం కొంచెంగా జారిపోతుంది. టైమింగ్ గుర్తు ఉండేది ఆ బయటి కట్టు మీదే. అప్పుడు, నిప్పురవ్వ పడ్డప్పుడల్లా మెరిసి గుర్తుని చూపించే టైమింగ్ లైటు ఎంత ఖరీదైనదైనా అది చూపించేది జారిపోయిన గుర్తునే. అలాంటి ఇంజన్‌లో మొదటి పిస్టన్ నిజంగా పైకొచ్చిన చోటుని వేరేగా పట్టుకోవాలి. ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్‌కి ఒక అడ్డు పెట్టి, రెండు వైపుల నుంచీ తిప్పి, ఆగిన రెండు చోట్లకీ సరిగ్గా మధ్య గీత గీస్తే అదే అసలు టీడీసీ.

ఆ టీడీసీ కూడా నాలుగు స్ట్రోకులు పూర్తయ్యేలోపు, అంటే క్రాంకు రెండు చుట్లు తిరిగేలోపు, రెండుసార్లు వస్తుంది, ఒకటి కంప్రెషన్‌లో, ఒకటి ఎగ్జాస్టులో. రెండో దానిలో డిస్ట్రిబ్యూటరు పెడితే గుర్తులన్నీ ముచ్చటగా కలుస్తాయి, బండి మాత్రం కార్బురేటరు లోంచి తుమ్ముతుంది తప్ప స్టార్టవదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పితే గాలి వేలిని తోసేది కంప్రెషన్‌లో. పాయింట్లు ఎక్కడ తెరుచుకున్నాయో చూడటానికి ఒక చిన్న బల్బు చాలు, ఇగ్నిషన్ వేసి పాయింట్ల తీగకీ బాడీకీ మధ్య తగిలిస్తే తెరుచుకున్న క్షణాన వెలుగుతుంది. అయితే పాయింట్ల గ్యాపు సరిచేయకుండా టైమింగ్ పెట్టడం దండగ. గ్యాపు మారితే టైమింగ్ మళ్లీ మారుతుంది.

చెవి గొప్పదా, కొలత గొప్పదా

షెడ్డుల్లో పాత తగవు ఇది. ఒక వర్గం మేస్త్రులు ఇంజన్ నడుస్తుండగా విని, లోడు మీద ఒక తిరుగుడు తిరిగి, పంపు కాస్త అటో ఇటో జరిపి పెడతారు. వాళ్ల వాదనలో బలముంది. కంపెనీ ఇచ్చిన డిగ్రీ కొత్త ఇంజన్‌కి. నలభై ఏళ్ల బండిలో లైనర్లూ, నాజిళ్లూ, ఎలిమెంట్లూ ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా అరిగి ఉంటాయి, వాటన్నిటి మధ్య ఆ ఇంజన్‌కి ఏది నప్పుతుందో వినే చెవికే తెలుస్తుంది.

కొలతవాళ్ల వాదన ఇంకోటి. పంపు ముందుకి జరిపితే చప్పుడు గట్టిపడుతుంది, పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది, డ్రైవరు సంతోషిస్తాడు. కానీ పెరిగిన ఒత్తిడి పిస్టన్ మీదా బేరింగు మీదా పడుతోందని చెవికి తెలియదు. పైగా చెవితో పెట్టినదాన్ని రెండో మేస్త్రికి అప్పజెప్పలేం. గీత అయితే ఎవరైనా చదవగలరు.

నా మటుకు నాకు కొలతే ముందు. చెవితో సర్దితే సర్దారు గానీ, ఎక్కణ్ణుంచి ఎంత జరిపారో పంపు మీద గీసి ఉంచితే సగం తగవులు తీరిపోతాయి. ఆ గీత లేకపోవడమే నేను ఎక్కువసార్లు చూసిన లోపం.

కొత్త డీజిల్‌కి టైమింగ్ మార్చాలా?

భారత్ స్టేజ్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం (పది లక్షల్లో 350 వంతులు) దాకా ఉండనిచ్చేవారు. స్టేజ్-4లో 50, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన స్టేజ్-6లో 10. "గంధకం తగ్గింది, పాత ఇంజన్‌కి టైమింగ్ మార్చాలి" అనే మాట అప్పట్నుంచీ తిరుగుతోంది. అంటుకునే గుణాన్ని చెప్పేది గంధకం కాదు, సీటేన్ సంఖ్య. స్టేజ్-2లో కనీసం 48 ఉండాల్సింది స్టేజ్-3 నుంచి 51 అయ్యింది. సీటేన్ పెరిగితే డీజిల్ కాస్త తొందరగా అంటుకుంటుంది, అంటే పాత ఇంజన్‌కి మేలే, పంపు తిప్పక్కర్లేదు. కొత్త డీజిల్‌తో పాత బండికి నిజంగా రాగల ఇబ్బంది రబ్బరుది. ఏళ్ల తరబడి పాత డీజిల్‌లో నానిన సీళ్లు కొత్తదానిలో కుంచించుకుపోయి కారవచ్చు, గాలి పీల్చవచ్చు. అది టైమింగ్ రోగంలా కనపడుతుంది, మందు మాత్రం కొత్త సీలు.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ సంగతి కొంచెం వేరు. ఇథనాల్ నాకింగ్‌ని, అంటే సిలిండరులో పెట్రోలు దానంతటదే పేలినట్టు అంటుకోవడాన్ని, తట్టుకుంటుంది కనక ఆ పెట్రోలుతో పాత ఇంజన్‌లో టైమింగ్ వెనక్కి తీయాల్సిన పని రాదు. లీటరుకి శక్తి సుమారు 6, 7 శాతం తక్కువ కనక మైలేజీ తగ్గితే అది టైమింగ్ తప్పు కాదు. కార్బురేటరు రబ్బర్ల మీద మాత్రం ఒక కన్ను వేసి ఉంచాలి.

వంతెన దగ్గర ఆగిన లారీ

మొదట్లో చెప్పిన లాంటి లారీ ఒకటి ఆ రేకుల షెడ్డుకే వచ్చింది. డ్రైవరు ఫిర్యాదు మూడు ముక్కలు: పుల్లింగ్ లేదు, నల్లపొగ, ఈమధ్య గట్టి చప్పుడు. మొదటి రెండూ సంక్రాంతి నుంచి మెల్లగా వచ్చాయి. చప్పుడు మాత్రం పదిహేను రోజులుగానే.

"మధ్యలో ఎవరైనా పంపు ముట్టుకున్నారా?" అన్నాడు మేస్త్రి.

"ఆయ్, పొగ తగ్గుద్దని కొంచెం తిప్పారండి. రెండ్రోజులు బానే లాగిందండి."

పంపుని ఇంజన్‌కి బిగించే అంచు, ఫ్లాంజి, మీద తడిగుడ్డతో తుడిస్తే పంపుదీ ఇంజన్‌దీ పాత గీతలు రెండూ కనపడ్డాయి, మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. ఫ్లాంజి అడ్డకొలత 100 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 314. డిగ్రీకి 0.87 మిల్లీమీటరు చొప్పున పంపు దగ్గర దాదాపు 3 డిగ్రీలు, క్రాంకు దగ్గర 6. చప్పుడుకి కారణం అక్కడే దొరికింది. పొగకి కారణం ఎయిర్ ఫిల్టరు గిన్నెలో ఉంది. ఆ బండి సంక్రాంతి నుంచి మిల్లుల దగ్గర తౌడు తోలింది. గిన్నెలో ఆయిల్ ఉండాల్సిన చోట తౌడు పిండిముద్దయి గట్టిపడి ఉంది, వేలు గుచ్చితే దిగలేదు.

గిన్నె కడిగి ఆయిల్ పోశారు. గీత మీదికి గీత తెచ్చి పంపు బిగించి, స్పిల్ చూస్తే క్రాంకు లెక్కలో డిగ్రీ పైన వెనకబడి ఉంది, పాత పంపుకి అది వింతేమీ కాదు. దాన్ని అలాగే వదిలేశాడు మేస్త్రి. సాయంత్రం లోడుతో వంతెన ఎక్కినప్పుడు గేరు ఒక్కటే దించాల్సి వచ్చింది, పొగ లేతగా వచ్చి ఆగిపోయింది. వేడి మీద స్టార్టింగ్ మాత్రం ఇంకా మొండిగానే ఉంది. ఎలిమెంట్లు మార్చాలి, పంపు దించి క్యాలిబ్రేషన్ షెడ్డుకి పంపాలి. దాళ్వా కోతల బాడుగలు అయ్యాక చేయిస్తానన్నాడు ఓనరు. అందాకా మధ్యాహ్నం పూట ఇంజన్ ఆపకుండానే కాయలు దింపిస్తున్నారు.